దస్తగిర్ దిగిపోయిన పడవ

ఆర్మూర్,
18 జనవరి 1962.

భీమిలి అప్పన్నన్నకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే రెండు దోనెలు పక్కపక్కన జతకట్టి, తెరచాప ఎత్తి గోదావరిలో దింపాను. మా బడి పంతుళ్లూ, అంగడివాళ్లూ సరదాగా నేర్చుకుంటారని ఆశపడ్డాను. మొదటి ఆదివారం తొమ్మిదిమంది వచ్చారు. ముందుగా ఎక్కిన దర్జీ దస్తగిర్ ఒక తాడు బదులు ఇంకోటి లాగాడు. పడవ ఒరిగింది.

"చేతులున్నయా లేవా నీకు? దిగు!" అని అందరి ముందూ అరిచాను. అతను మోకాలిలోతు నీళ్లలోకి దిగి, తలవంచుకుని ఒడ్డుకు నడిచాడు. మిగతావాళ్లు ఎక్కనే లేదు. తర్వాత ఐదు ఆదివారాలు ఒక్కడినే రేవులో కూర్చున్నాను.

నిన్న అతని ఇంటికి వెళ్లి తప్పయిందన్నాను.

"గా దినం నా బిడ్డ తాహెరా ఒడ్డు మీదనే ఉండె సార్. మా అబ్బా పడవ నడుపుతడని దోస్తులను తోలుకొచ్చింది. ఇగ నన్ను పిలువకుండ్రి," అన్నాడు.

నేను నీ పడవను మూడుసార్లు బోల్తా కొట్టించినా నువ్వు నవ్వి, తల తుడుచుకోమని తువ్వాలు అందించావు. తాళ్లు లాగడం నేర్చుకున్నాను గానీ అది నేర్చుకోలేకపోయాను.

దోనెలు విడదీసి రేవువాళ్లకు ఇచ్చేశాను. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే నీ పేరు మాత్రం చెప్పను, అన్నా.

ఇట్లు,
నీ శిష్యుడు