పొయ్యి పక్కన మేజోడు

లాపిన్లహ్తి, ఏప్రిల్ 6, 1953

ప్రియమైన అత్తయ్యకు,

మీ కార్డు అందింది. ఈసారి కువోపియో వచ్చేటప్పుడు విత్తనపు ఉల్లిగడ్డలు గుప్పెడు తెమ్మన్నారు, మీ అమ్మాయి పెరట్లో నాటుతారట. అది చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఆ ఉల్లి లేదు అత్తయ్యా. నేనే పోగొట్టాను. యుద్ధంలో రష్యావాళ్ల పాలైన కరేలియా వదిలి వచ్చేటప్పుడు, వెండి గరిటెలు వదిలేసి మరీ మీరు ఉన్ని మేజోడులో మోసుకొచ్చిన విత్తనం. మూడేళ్ల కిందట మీరు ఆపరేషనుకని కువోపియోలో మీ అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, పొయ్యి పక్కన వేలాడే ఆ మేజోడు తీసి చల్లటి నేలమాళిగలో బంగాళాదుంపల పక్కన పెట్టాను. ఉయ్యాలకు చోటు కావాలన్నది సాకు. ఉల్లికి కూడా చలిమంటా, పెద్దావిడ చాదస్తం అని నవ్వుకున్నాను, అదీ నిజం. మేలో నాటితే పిలకలు వేయకుండా కాడలు తన్ని పువ్వెత్తాయి, విత్తనానికి ఒక్క గడ్డా మిగల్లేదు. సంతలో ఏవో కొనుక్కొచ్చి నాటి, మీవేనని మీకే వండిపెట్టాను. మీ అబ్బాయి ఎయినోకి కూడా చెప్పలేదు.

పక్కింటి సైమా ఒక్కతే పట్టేసింది. కంచె మీంచి చూసి, "ఏమే సిల్వీ, ఇవి మీ అత్త ఉల్లి కాదే!" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మా ఇంటి గడ్డల సంగతి నీకెందుకే?" అని ఎగిరాను. అప్పట్నుంచి మాటల్లేవు.

తిట్టండి. పడతాను.

మీ కోడలు
సిల్వీ

కువోపియో, ఏప్రిల్ 11

అమ్మాయ్ సిల్వీ,

ఆ మొదటి క్రిస్మస్‌కే నాకు తెలిసిపోయింది. నువ్వు ఉల్లి తరుగుతుంటే పక్కనే కూర్చున్నా నా కంట నీరు రాలేదు. మన ఉల్లయితే వాకిట్లో ఉన్నవాణ్ణి కూడా ఏడిపిస్తుంది.

నిన్నేం తిట్టను? తినే ఉల్లి చలిలో ఉన్నా ఫరవాలేదు, విత్తనపుల్లికి చలి తగిలితే పువ్వుకెళ్తుంది. ఆ ముక్క నీకు కావాలనే చెప్పలేదు. అన్నీ చెప్పేస్తే ఇక ఈ ముసలిదాంతో పనేముంటుందిలే అనుకున్నాను. తప్పులో సగం నాది. కార్డు రాసింది కూడా ఉల్లి కోసం కాదు, నీ నోటితో నువ్వే చెబుతావేమోనని.

సైమాకెలా తెలిసిందో ఆలోచించావా? ఆ ఊరొచ్చిన మొదటి వసంతంలోనే దానికి గుప్పెడు ఇచ్చాను. వెళ్లి అడుగు.

అత్త
కత్రి

లాపిన్లహ్తి, ఏప్రిల్ 15

అత్తయ్యా,

వెళ్లాను. గడప దగ్గరే నిలబడిపోయాను. సైమా కాఫీ పోసి, "ముందు తాగు, తర్వాత ఏడుద్దువుగాని," అంది. వాళ్ల పొయ్యి పక్కన రెండు మేజోళ్లు వేలాడుతున్నాయి. ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది. "ఇది నీదే. నీ పొగరెప్పుడు దిగుతుందా అని ఏటేటా కట్టి ఉంచుతున్నా!"

ఇంటికొచ్చి ఎయినోకి అంతా చెప్పేశాను. మేజోడు మన పొయ్యి పక్కన పాత మేకుకే కట్టాను. మీకు మాత్రం పంపను. మేలో మీరే రండి, నాటుదాం. ఇంకా ఏమేం దాచారో అన్నీ చెప్పాలి. చెప్పేశాక కూడా మీతో పనుంటుంది.

మీ
సిల్వీ