ఒకటో నంబరు బిళ్ళ

కొత్త హాలులో స్టేజీ లిఫ్టులు నడిపే మేస్త్రీని, అరవై మూడేళ్లవాణ్ణి, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. రేపు గురువారం నాకు గుండె ఆపరేషన్. భయం ఉంది గానీ బుద్ధి చెదరలేదు, ఎవరి బలవంతమూ లేదు. దీన్ని అమలుచేసే బాధ్యత మా అమ్మాయిది. ఆపరేషన్ ఎలా ముగిసినా, రేపు సాయంత్రమే మా అక్కాబావల ఇంట్లో, మా అబ్బాయి ఎదుట చదవాలి. బతికొస్తే నేనే చెబుతానులే అనుకోవడానికి లేదు. పదకొండేళ్లుగా అలాగే అనుకుంటున్నాను. నన్ను నేను నమ్మను.

1. కింది వీధిగది తప్ప ఇల్లంతా నా తదనంతరం అబ్బాయికీ అమ్మాయికీ చెరిసగం. దీని గురించి కొట్టుకోకండి. కొట్టుకోవడానికి కింద వేరే సంగతి ఉంది.

2. నా టార్చి, తోలు చేతొడుగులు, నూనెడబ్బా అమ్మాయికి. స్టేజీ కింద పనిచేసేది అదే.

3. హాలు కట్టిన ఆర్కిటెక్టుకు నా మూడుకాళ్ల స్టూలు. ఆయన పని గొప్పదే, కాదంటే కళ్లు పోతాయి. స్టేజీ నేల మూడు ముక్కలు, ఒక్కో ముక్క ఒక్కో లిఫ్టు. పైకి లేపితే నాట్యానికి వేదిక, దించితే వాద్యగాళ్లకు గొయ్యి, సమం చేస్తే సభకు చోటు. గోడచెక్కలు ఒకవైపు తిప్పితే పాట మార్మోగుతుంది, ఇంకోవైపు తిప్పితే మాట తేటగా వినబడుతుంది. చూసే తొమ్మిది వందల మందికి మెత్తటి కుర్చీలు వేశాడు. కింద రోజంతా నిలబడేవాళ్లకు ఒక్క బల్ల వేయలేదు. స్టూలు అందుకే.

4. పాత హాలు నుంచి నేను మోసుకొచ్చిన బిళ్ళల బోర్డు ఉన్నచోటే ఉండాలి. లిఫ్టు కిందికి దిగేవాళ్లు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ కొక్కేనికి తగిలించి దిగాలి, పైకొచ్చాక తామే తీసుకోవాలి. ఒక్క బిళ్ళ వేలాడుతున్నా లిఫ్టు కదపకూడదు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదు. మేనేజరైన మా అబ్బాయి శుక్రవారం ప్రారంభానికి ముందే బోర్డు పీకేస్తాడట. సెన్సార్లు ఉన్నాయట, నాది చాదస్తమట. నాయనా, సెన్సారు అంచును చూస్తుంది, మూలలో వంగి బోల్టు బిగించే మనిషిని చూడదు. శుక్రవారం ప్రదర్శనలో లిఫ్టు పద్నాలుగుసార్లు కదులుతుంది. ఆ మూలలో ఉండేది నీ చెల్లెలు.

5. ఇప్పుడు అసలు సంగతి. మా బావ పాత హాలులో వడ్రంగి. పదకొండేళ్ల కిందట లిఫ్టు కింద ఆయన కాలు నలిగిన రోజు బిళ్ళ వేయకుండానే దిగాడని అందరూ నమ్మారు. అబద్ధం. వేశాడు, ఏడో నంబరు. కాసేపటి ముందు ఆయన్ని టీకొట్టు దగ్గర చూశాను, బిళ్ళ తీయడం మర్చిపోయాడనుకున్నాను. రిహార్సల్ ఆలస్యమవుతోందని పైనుంచి ఒకటే గోల. బిళ్ళ తీసి జేబులో వేసుకుని మీట నొక్కాను. అరుపు విన్నాక కూడా బిళ్ళ బయటికి తీయలేదు. విచారణలో బోర్డు ఖాళీగా ఉందన్నాను. ఆయన ఉద్యోగం పోయింది. నిర్లక్ష్యపు మనిషని అక్క ఈరోజుకీ దెప్పుతోంది. ఆయన నోరెత్తడు. నిజంగా మర్చిపోయానేమోనని ఆయనకే అనుమానం పట్టుకుంది. కాలు తీసినదానికంటే అది పెద్ద పాపం. అక్కా, తిట్టాల్సింది నన్ను.

6. నా పనిముట్ల పెట్టె అడుగున ఏడో నంబరు బిళ్ళ ఉంది. అది బావది. కింది వీధిగది సర్వహక్కులతో ఆయనకే. కుర్చీలు బాగుచేసుకోవచ్చు, మెట్లెక్కే పని లేదు.

7. ఈ సాయంత్రం నా బిళ్ళ, ఒకటో నంబరు, బోర్డుకు తగిలించి తాళం వేసి వచ్చాను. అది ఉండగా మీట ముట్టబోమని లిఫ్టు నడిపే మిగతా ఇద్దరూ నాకు మాట ఇచ్చారు. తాళంచెవి ఈ కవరులోనే ఉంది. ఆ బిళ్ళ అబ్బాయి తీయకూడదు, అమ్మాయి తీయకూడదు, బతికొచ్చినా నేనూ తీయకూడదు. ఆ హక్కు బావ ఒక్కరిదే. స్టేజీ కిందికి వాలుదారి ఉంది, కర్రతో దిగవచ్చు. ఆయన దిగి, బోర్డు ఉంటుందని అబ్బాయి చేత రాయించుకుని, మూలమూలా చూసుకుని, అప్పటికీ ఇష్టమైతేనే తీస్తారు. లేదంటే శుక్రవారం హాలు తెరుచుకోదు.

బావా, మీ బిళ్ళ నేను తీశాను. నాది తీయాల్సింది మీరు.

తేదీ: మార్చి 12, 2025, బుధవారం.

సంతకం: లిఫ్టు మేస్త్రీ

సాక్షులు:
లైట్ల మేస్త్రీ (అంతా చదివి సంతకం పెట్టాడు. తర్వాత నా మొహం చూడలేదు.)
దుస్తులు కుట్టే అమ్మ