నాయన మొహానికి సెలవు

ఫిబ్రవరి 3, కంబదూరు
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినందుకు ఈ ఇంటికి నన్ను నేనే చీఫ్ ఫార్మసిస్టుగా నియమించుకున్నాను. పేషెంటు ఒక్కడే, మా నాయన హనుమంతరాయుడు. జబ్బు పార్కిన్సన్స్. రోజుకు నాలుగు మాత్రలు. అమ్మ పోయాక ఇంట్లో ఇద్దరమే కాబట్టి స్టాఫ్ మీటింగులు త్వరగా అయిపోతాయి.

ఫిబ్రవరి 9
ప్రతి మాత్రతోనూ ఒక చెనక్కాయ ఉండ, అదే వేరుశనగ బెల్లం ఉండ, మొదలుపెట్టాను. మా ఊళ్లో బలమంటే చెనక్కాయే. నీరసానికీ అదే, పరీక్ష తప్పినా అదే.
ఆయన నములుతుంటే నేను జోకులేస్తాను. ఒకప్పుడు తన జోకుకు తనే ముందు నవ్వేవాడు. ఇప్పుడు మొహం కదలదు, చెయ్యి వణుకు మాత్రం ఎక్కువవుతుంది. చిరాకు కాబోలు. జోకుల డోసు తగ్గించాను.

ఫిబ్రవరి 16, మధ్యాహ్నం
సోమప్ప మామ కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చాడు. నలభై ఏళ్లుగా మా అరుగు మీద నాయనతో పులిజూదం ఆడే మనిషి. మాత్ర, ఉండ పడి గంటైనా నాయన బిగుసుకుపోయే ఉన్నాడు. మామ పత్రిక ఇవ్వబోయాడు. నాయన చెయ్యి లేవలేదు. మొహం మా గడప బండలాగే ఉంది. నేను అందుకోబోతే, పిలిచేది నిన్ను కాదప్పా అన్నాడు. మా ఇంట్లో పెళ్లంటే హనుమంతన్నకు ఇంత అలుసా, రానని నోరు తెరిచి చెప్తే పోయేదేముండాది అంటూ పత్రికతోనే వెళ్లిపోయాడు.
నాయన ఏదో గొణిగాడు. చెవి ఆనించాను. కూర్చోమను, అంటున్నాడు. మామ అప్పటికే మలుపు తిరిగాడు.

ఫిబ్రవరి 17
ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి 21
ఎవరూ రాలేదు. పులులూ మేకలూ రెండూ నేనే ఆడాను. ఓడిపోయాను.

ఫిబ్రవరి 24, బస్సులో
అనంతపురం డాక్టరమ్మ నా సర్వీసు మొత్తం విన్నది. చెనక్కాయల్లోని ప్రొటీన్ ఈ మాత్రను ఒంటికి పట్టనివ్వదట. తిండికి అరగంట ముందే వేయాలట. కెమిస్ట్రీనేనా చదివింది, అని అడిగింది.
మొహం బిగుసుకోవడం కూడా జబ్బేనట. లోపల నవ్వు లోపల ఉంటుందట. నవ్వొచ్చినా, కోపమొచ్చినా వణుకు పెరుగుతుందట.
నాయన కిటికీ పక్కన నిద్రపోతున్నాడు. నేను మానేసిన జోకులు గుర్తు చేసుకుంటున్నాను.

ఫిబ్రవరి 25
సోమప్ప మామ ఇంటికి వెళ్లి నేరం ఒప్పుకున్నాను. సాక్ష్యంగా ఒక ఉండ కూడా తీసుకెళ్లాను. వణుకు సంగతీ చెప్పాను. పందిరి గుంజ పట్టుకుని అంతా విన్నాడు, ఉండ తిన్నాడు. మొహానికి కూడా రోగమొస్తాదని మాకేం తెలుస్తాది, ఈడే ఉండి ఒక్క మాట చెప్పకపోతివే అన్నాడు. వస్తానని మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 26, ఉదయం 8:10
మాత్ర ఏడున్నరకు, ఖాళీ కడుపుతో.
మామ వచ్చాడు. పత్రిక నాయన చేతిలోనే పెట్టాడు. ఈ పొద్దు నీ పులుల్ని కట్టేయకపోతే నా మీసం తీసేస్తా హనుమంతన్నా అన్నాడు. మామకు మీసం లేదు.
పత్రిక గలగలలాడింది. మొహం గడప బండే.
మామ ఆ మొహం వైపు చూడలేదు, పత్రిక వైపు చూశాడు. ఏందన్నా, ఇంతగా నవ్వుతాండావు, అన్నాడు.