పది పైసల బిళ్ల మీద చివరి అంకె

మంగళవారం రాత్రి, ఇబ్రహీంపట్నం

సాయంత్రం ఆరున్నరకు బిళ్ల మీది సంవత్సరం పూర్తిగా పోయింది. పోగొట్టింది నేనే.

మా ఇంట్లో పిల్లలు పుట్టిన ఏటి బిళ్లకు చిల్లు పెట్టి మొలతాడుకు కడతారు. ఎనిమిదేళ్లప్పుడు బస్టాండులో తప్పిపోయిన తమ్ముడికి కట్టింది అరవై తొమ్మిది నాటి పది పైసలు. తుక్కుగూడ ఆశ్రమంలో మాట రాని మనిషి మొలకు అలాంటిదే ఉంది, అంకెలు అరిగిపోయి. ఆయన తమవాడేనని, తాము కట్టింది అరవై ఎనిమిది నాటి బిళ్లని నల్గొండ నుంచి ఇంకో కుటుంబమూ వచ్చింది. వార్డెన్ నన్ను నమ్మి బిళ్ల ఇచ్చాడు.

అరిగిన అంకెలు తేలతాయని కంసాలి ఇచ్చిన యాసిడ్ చుక్క వేయగానే ఒకటి, తొమ్మిది, ఆరు తేలాయి.

"సాల్ అన్నా, కడుగు. ఫోటో తియ్," అంది చెల్లెలు యాదమ్మ.

నాలుగోది కూడా తేలాలని ఇంకో చుక్క వేశాను. అన్నీ కరిగిపోయాయి.

యాదమ్మ ఏడ్చి, కళ్లు తుడుచుకుంది. "ఆఖరుకు తొమ్మిది కనవడ్డదని చెప్పు. నువ్ చెప్తే నమ్ముతరు."

"నేను సూడలే గద, యాదీ."

"గట్లయితే చిన్నన్నను ఇడ్శిపెడ్తవా?"

ఆయన తమ్ముడో కాదో నాకు తెలియదు. కావాలని మాత్రం ఉంది. రేపు పదింటికి రెండు కుటుంబాల ముందు వార్డెన్ నన్నే అడుగుతాడు, చివరి అంకె ఏమిటని.