కమాన్ పట్టీలా, కాయిల్ స్ప్రింగులా

వన్ టౌన్, విశాఖపట్నం
16-8-1978

నా షంషాద్‌కి,

ఇవాళ పొద్దున కిటికీ గట్టు మీద, రేవు నుంచి ఎగిరొచ్చి పడ్డ ఎర్ర ధూళిలో, నాన్న వేలితో గీసిన స్ప్రింగు బొమ్మ కనిపించింది. తుడవబుద్ధి కాలేదు.

పెరట్లో నాన్న కడుతున్న కారు ఎంతవరకొచ్చిందని అడిగావు. ముందు చక్రాల దగ్గర ఆగింది. ఆపింది నేనే. అమ్మ పోయాక మా ఇద్దరికీ ఆ కారు తప్ప వేరే మాట లేదు. అది పూర్తయితే భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటామో తెలియక, లైబ్రరీ నుంచి ఒక్కో పుస్తకం తెచ్చి, చక్రాలకి స్ప్రింగులు బిగించే ఒక్కో పద్ధతీ తెలుగులో చెబుతూ వచ్చాను. నాన్నకి ఏ చక్రానికా చక్రం విడిగా ఆడే కాయిల్ స్ప్రింగులు నచ్చాయి. "ఒకటి గోతిలో పడ్డా రెండోదానికి తెలియదే అమ్మడూ!" అని మురిసిపోయారు. ఆ సామాను మద్రాసు నుంచి రావాలి. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి, వాళ్లు పంపే కాగితాలు చదివి చెప్పాలి. కాన్వెంటులో మన సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు ఇందుకు పనికొస్తుందని ఎవరనుకున్నారు!

మధ్యాహ్నం, లారీలకి కమాన్ పట్టీలు, అదే విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి పేర్చే ఉక్కు పట్టీల స్ప్రింగులు, కొట్టే తవిటయ్య వచ్చాడు.

"ఎంతమంది కూకుంటారు బాబూ? బరువు సెప్తే గదా, ఎన్ని పట్టీలెయ్యాలో నాను సెప్పేది. పెళ్లోరందర్నీ ఎక్కించేత్తారేటి?"

నాన్న నవ్వారు. "ఇద్దరమేనయ్యా. నేనూ, మా అమ్మాయీ. అయినా నీ పట్టీలు ఎడ్లబండిలా కుదిపేస్తాయి."

"కుదిపితే కుదిపాయి. ఇరిగితే ఏ కొలిమికాడైనా మారిసేత్తారు గదా."

నాన్న నావైపు తిరిగారు. "చదివినదానివి, నువ్వే చెప్పు. నువ్వేదంటే అది."

నాకూ ఆ మెత్తటి కాయిల్ స్ప్రింగులే ఇష్టం, షంషాద్.

"కమాన్ పట్టీలే వేయించండి నాన్నా" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. ఎందుకని అడిగితే, బాగుచేయించడం తేలిక అన్నాను. వాటికైతే ఎవరూ ఉత్తరం రాసిపెట్టక్కర్లేదు, చదివి చెప్పక్కర్లేదు. నాన్న ఒక్కరే చూసుకోగలరు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

"ఇద్దరికి తగ్గట్టే చెయ్యవోయ్, మరీ గట్టిగా ఉంటే మా అమ్మాయికి నడుం పట్టేస్తుంది" అని చెబుతూ నాన్న సందు చివరిదాకా తవిటయ్య వెనకే వెళ్లారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఘాటీ ఎక్కి వెళ్లాల్సిన పాడేరు హైస్కూల్లో టీచరు ఉద్యోగానికి ఒప్పుకుంటూ మొన్ననే జవాబు పంపేశాను. నాన్నకి ఇంకా తెలియదు. సోమవారం చేరాలి.

నీ
భ్రమరాంబ