కుడివైపు రెయిలింగు దగ్గర

అమ్మా దుర్గాశ్రీ,

విశాఖ నుంచి చెన్నై వెళ్లే ఓడకి మా ఇద్దరి టిక్కెట్లూ మీ దంపతుల పేర్లకి మార్పించేను. వద్దనకు. మీ అక్క ఇన్నాళ్లూ వీడియోలు చూసి నేర్చుకున్నదంతా వృథా పోకూడదు. తల తిరిగితే గదిలో పడుకోకూడదట, పైకొచ్చి గాలి పీల్చాలట. అల్లం మురబ్బా దగ్గరుంచుకోండి. భోజనాల సంగతైతే, "ముందు అన్నీ చూసొచ్చి అప్పుడు కంచం పట్టుకోండి, పెళ్లిలోలా ఎగబడకండి" అని నాకు ముందే చెప్పి పెట్టింది.

పంటు మీద గోదావరి దాటినప్పుడల్లా పసుపు కుంకుమ నీళ్లలో వదిలేది కదా, ఓడ మీంచీ వదులుతానని పొట్లం కట్టుకుంది. అదీ పంపుతున్నాను. అక్కడివాళ్లని అడిగి, మన అంతర్వేది ఎదురుగా వచ్చేక కుడివైపు నిలబడి వదులు. మొన్న మనం తన అస్థికలు కలిపింది అక్కడే కదా. ఆ చోటు దాటి ముందుకెళ్లిపోయే ఓడలో నేను కూర్చోలేనమ్మా.

మీ బావ