మామయ్య చెప్పిన వేటలు

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. నేనూ పాపా బాగున్నాం. ఓడ మీద మీరూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఎప్పుడూ మామయ్య చెబుతుంటే రాసేదాన్ని. ఈసారి నా అంతట నేనే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వకండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయి. మొన్న మామయ్య వేలు కొరికింది. "ఇన్నేళ్ళలో ఏ చేపా నన్నింత గట్టిగా పట్టలేదే గడుగ్గాయీ" అని ఆయన ఒకటే నవ్వు. వంటింటి కప్పు కారడం ఆగింది. నా దగ్గు తగ్గింది. మీ పాత నీలం చొక్కా కత్తిరించి పాపకు గౌను కుట్టాను, కోప్పడకండి.

ఇక మీరు కింద గీత గీసి మరీ అడిగిన మాట. "నాన్న చెక్క వంతెన మీదుగా ఏరు దాటాడని రాశావు. అది మన పెళ్ళికి ముందే వరదలో కొట్టుకుపోయింది కదా?" అన్నారు. ఆ తర్వాత, "ఏ వంతెనైతేనేం, నాన్న హుషారుగా వేటకు తిరుగుతున్నాడు, అది చాలు. ఓడలో ఇంకో ఏడాది పనికి సంతకం పెట్టేస్తాను" అని రాశారు.

ఆ మాట చదివాక ఇక దాచకూడదనుకున్నాను.

ఆ వంతెనను నేనెప్పుడూ చూడలేదండీ. మామయ్య చెప్పారు, నేను రాశాను. వానలు మొదలైన వారానికే ఆయన స్నానాల గదిలో పడిపోయారు. అప్పటి నుంచి మంచం దిగలేదు. ఎడమ చెయ్యి లేవదు. ఏటికి కాదు కదా, వసారాలోకి కూడా రాలేదు. మీకు రాసిన వేటలన్నీ పాతవి. మడుగులో గాలానికి చిక్కిన మూడు మూరల చేప, కొండ మీద వానకు బండ కింద దాక్కోవడం, చిల్లుపడిన పడవలోంచి టోపీతో నీళ్ళు తోడడం, అన్నీ మొన్ననే జరిగినట్టు చెప్పేవారు. వాటిలో మీరున్న చోటల్లా "ఎవరో తోడొచ్చారు" అని రాయించేవారు.

"ఇది అబద్ధం కదా మామయ్యా?" అన్నాను మొదటిసారి.

"అబద్ధమేంటమ్మా? వెళ్ళలేదా నేను? ఎప్పుడెళ్ళానో వాడికెందుకు? వాడు నీళ్ళ మీద ఉన్నాడు. మనసు ఇక్కడుంటే అక్కడ కాలు జారుతుంది. రాయి."

పెద్దవాళ్ళకు ఎదురుచెప్పడం నాకు చేతకాదు. నోట్లో నాలుక లేదని మీరే ఏడిపించేవారుగా. అయినా రాసిన చెయ్యి నాదే. తప్పూ నాదే.

మీ ఉత్తరం చదివి వినిపించి, "దొరికిపోయాం మామయ్యా" అన్నాను. "చూశావా, వంతెన సంగతి వాడికి గుర్తుంది!" అని మురిసిపోయారు. సంతకం మాట విన్నాక గోడవైపు తిరిగారు. అటు తిరిగే "పెట్టమను" అన్నారు.

ఆ ఒక్క మాట నేను రాయలేను. నెల దాటడం కష్టమని డాక్టరు చెప్పారు. మీరు సంతకం పెట్టే రేవుకు ఈ ఉత్తరం మీకంటే ముందు చేరాలి.

ఇప్పుడు కూడా ఆయన పక్కనే చెబుతున్నారు. ఆయన చెప్పేదొకటి, నేను రాసేదొకటి. "రాశావా?" అంటే "ఆఁ, రాశాను" అంటున్నాను. ఈరోజు మీ ఏడో ఏట, మొదటిసారి మీ చేతికి గాలం ఇచ్చిన రోజు గురించి చెబుతున్నారు. ఈసారి "ఎవరో" అనలేదు, "వాడు" అన్నారు. గాలానికి కట్టిన బెండు మునిగిందట. మీరు కేక పెట్టారట. అక్కడ ఆగిపోయారు.

"తర్వాతేమైందమ్మా? పడిందా, తప్పించుకుందా?" అని నన్నే అడిగారు.

నాకు తెలియదన్నాను.

"వాడికి తెలుసు" అని కళ్ళు మూసుకున్నారు.

సంతకం పెట్టకండి. వచ్చి ఆ చేప ఏమైందో ఆయనకు మీరే చెప్పండి.

ఇట్లు,
మీ ఇంటిది